కాయకు లెక్కుంది, కోసిన చేతికి లేదు

*సముద్రం దాటి వెళ్లే తెలుగువాళ్ల గురించి ఇంటింటా మాట్లాడుకుంటున్న రోజులివి. మంత్రాలయం చుట్టుపక్కల పల్లెల నుంచి ఏటా మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయే కుటుంబాల సంపాదన, అప్పు, పిల్లల చదువు మాత్రం ఏ పద్దులోనూ కనిపించవు.*

దీపావళి పోయి వారం తిరగదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల పల్లెల్లో పొద్దుగూకే వేళకు ఊరి బయట లారీయో బొలెరోనో వచ్చి ఆగుతుంది. ముందు మూటలు ఎక్కుతాయి. జొన్నలు, బియ్యం, కారం, చింతపండు, రొట్టెల పెనం, బిందెలు, దుప్పట్లు, గుడిసె మీద కప్పడానికి ప్లాస్టిక్ పట్టలు. వాటి మీద ఆడవాళ్లు, పిల్లలు సర్దుకుంటారు. మగవాళ్లు అంచున కూర్చుంటారు. కదలలేని ముసలివాళ్లు ఇంటి తాళంచెవి కొంగున ముడేసుకుని అరుగు మీద నిలబడతారు. బడికి పోయే పిల్లల్లో కొందరు అవ్వ దగ్గర ఆగిపోతారు. చేతికి సాయం రాగల ఈడొచ్చినవాళ్లు బండెక్కుతారు.

"యాడికి పోతాండారక్కా?"

"సుగ్గికి పోతాండాం. గుంటూరు దిక్కు."

సుగ్గి అంటే ఈ సీమలో కోతల కాలపు వలస. ఎవరూ దాన్ని పెద్ద సంగతిగా చెప్పుకోరు. తాతలు పోయారు, తండ్రులు పోయారు, వీళ్లూ పోతున్నారు. కొన్ని వీధుల్లో మళ్లీ పొయ్యి వెలిగేది ఉగాదికే.

అటు తుంగభద్ర ఒడ్డున రాఘవేంద్రస్వామి మఠానికి దేశం నలుమూలల నుంచి భక్తులు వస్తూనే ఉంటారు. వాళ్లు రైలు దిగే మంత్రాలయం రోడ్డు స్టేషను చెన్నై–ముంబై మార్గంలో ఉంది. కోసిగి, ఆదోని స్టేషన్లూ ఆ దారిలోవే. ముంబైలో కట్టుబడి పనులకు పోయేవాళ్లు ఇక్కడే రైలెక్కుతారు. దర్శనానికి వచ్చే లక్షల మందికి గదులు, క్యూలు, అన్నదానం, బస్సుల ఏర్పాట్లున్నాయి. పని కోసం బయల్దేరేవాళ్లు ఎంతమందో రాసుకునే పుస్తకం మాత్రం లేదు.

2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఇళ్లు కలవరపడ్డాయి. పొలం తాకట్టు పెట్టి పిల్లలను చదివించినవాళ్లకు ఆ భయం న్యాయమైనదే. వారాల తరబడి టీవీల్లో చర్చలు నడిచాయి. ఆ చర్చ ఇంకా చల్లారకముందే ఇక్కడి లారీలు నిండడం మొదలైంది. వాటి మీద చర్చ పెట్టినవాళ్లు అరుదు. ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి చూడాలన్నదే ఈ కథనం.

కాలువ ఉంది, నీళ్లు చివరిదాకా రావు

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలోవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన అక్టోబరు 1న కర్నూలులో కలిశాయి. మాటలో, తిండిలో, పెళ్లి సంబంధాల్లో ఇప్పటికీ సగం కన్నడ సీమే. నేల నల్లరేగడి, అక్కడక్కడ ఎర్ర గరుసు. ఏడాదికి పడే వాన ఆరు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ పైరుకు కావలసినప్పుడు పడుతుందన్న నమ్మకం లేదు. పత్తి, వేరుశనగ, ఉల్లి, కంది, ఆముదం, ఏది వేసినా ఒక్క కారు పంట. దీపావళికల్లా చేనులో పని చాలావరకు అయిపోతుంది. మళ్లీ తొలకరి దాకా ఏడు నెలలు చేతులు ఖాళీ.

ఇది ఇవాళ్టి కథ కాదు. 1876–78 నాటి ధాత కరువులో బళ్లారి, కర్నూలు జిల్లాలు శవాల దిబ్బలయ్యాయి. అప్పటికి ఐదేళ్ల ముందే, 1871 నాటికి, మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు మార్గం ఈ ప్రాంతం మీదుగానే పడింది. రైలు ఉన్నా ఆకలి ఆగలేదు.

1953లో తుంగభద్ర డ్యాం పూర్తయినప్పుడు ఈ పల్లెలు ఎంతో ఆశపడ్డాయి. డ్యాం నుంచి వచ్చే దిగువ కాలువ కింద కర్నూలు జిల్లాకు 24 టీఎంసీల కేటాయింపు, లక్షా యాభై ఒక్క వేల ఎకరాల ఆయకట్టు కాగితం మీద ఉన్నాయి. కాలువ మాత్రం రెండు వందల కిలోమీటర్లకు పైగా కర్ణాటకలో నడిచి వస్తుంది. దారిలో తోడుకునేవాళ్లు తోడుకోగా, ఇంకిపోయేది ఇంకిపోగా చివరి ఆయకట్టుకు చేరేది మిగిలినంతే. డ్యాంలోనూ పూడిక పేరుకుంది. కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టిన జలాశయంలో ఇప్పుడు పట్టేది 106 లోపే. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయి నీళ్లు నదిపాలవుతుంటే ఆదోని, ఎమ్మిగనూరు రైతులు కంటి మీద కునుకు లేకుండా గడిపారు.

కోసిగి మండలం అగసనూరు దగ్గర నదికి అడ్డంగా రాజోలిబండ ఆనకట్ట ఉంది. దాని ఎడమ కాలువ ఏనాటి నుంచో గద్వాల, అలంపూరు వైపు పారుతోంది. కుడి కాలువకు కృష్ణా జల వివాదాల రెండో ట్రైబ్యునల్ 4 టీఎంసీలు ఇచ్చింది. శంకుస్థాపనలు, టెండర్ల మాటలు విన్నాం. నీళ్లు పారలేదు. నది పక్కనే ఊరుండి, ఆ ఊరి జనం నాలుగు వందల కిలోమీటర్ల అవతల ఇంకొకరి తడిపొలంలో పనికి పోవడమంటే అది ప్రకృతి చేసిన అన్యాయం మాత్రమే కాదు.

పట్టణాలైనా ఆదుకున్నాయా అంటే, ఒకప్పుడు ఆదుకున్నాయి. ఆదోనికి రెండో ముంబై అని పేరు. పత్తి మార్కెట్టు ఇప్పటికీ పెద్దదే, జిన్నింగు మిల్లులు తిరుగుతూనే ఉన్నాయి. కానీ వందల మందికి ఏడాది పొడవునా నెల జీతమిచ్చిన నూలు మిల్లులు చాలావరకు మూతపడ్డాయి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప నిలబెట్టిన చేనేత సహకార సంఘం ఒకప్పుడు దేశమంతా చెప్పుకున్న సంస్థ. ఇవాళ మగ్గాల చప్పుడు చాలా వీధుల్లో వినిపించదు. ఊళ్లో పని లేక పట్నానికి వచ్చినవాడికి పట్నంలోనూ పని లేకపోతే లారీ ఒక్కటే దారి.

మేస్త్రీ చేతి అడ్వాన్సు

సుగ్గి లారీ ఎక్కిన రోజున మొదలవదు. ఆషాఢ శ్రావణాల్లో, విత్తనాలకో వైద్యానికో డబ్బు కావలసినప్పుడే మొదలవుతుంది. ఊళ్లో మేస్త్రీ ఉంటాడు. చాలాసార్లు బంధువే, కనీసం తెలిసినవాడే. ఇరవై, ముప్పై మందిని కూడగట్టి అటు రైతుతో మాట్లాడుకుంటాడు, ఇటు ఇంటింటికీ అడ్వాన్సు ఇస్తాడు. రాత, కాగితం ఉండవు. తీసుకున్న అడ్వాన్సు కూలిలో తీరాలి. తీరకపోతే వచ్చే ఏడాదికి జమ. మేస్త్రీని దుర్మార్గుడిగా చూపించి చేతులు దులుపుకోవడం తేలిక. కానీ బ్యాంకు ఇవ్వని అప్పు అతనే ఇస్తున్నాడు. అర్ధరాత్రి జ్వరమొస్తే పరాయి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోయేదీ అతనే. కూలి రేటు ఎంతని రైతు దగ్గర కుదిరిందో, కూలీకి ఎంతని చెబుతున్నాడో తెలిసిందీ అతనొక్కడికే. అన్నీ ఒక్క మనిషి చేతిలో ఉండడమే అసలు చిక్కు.

మిరప కోత జనవరి నుంచి ఊపందుకుంటుంది. ఒక్కసారి కోసి వదిలే పైరు కాదు. మూడు, నాలుగు విడతలుగా పండిన కాయను ఏరి తెంపాలి. పొద్దున మంచు ఆరకముందే చేనులో దిగితే పొద్దువాలే దాకా నడుము వంచే ఉండాలి. ముఖానికి తువ్వాలు, చేతులకు పాత చొక్కా తొడుగులు. అయినా ఘాటు వేళ్ల సందుల్లోకి పోతుంది. రాత్రి ఆ చేత్తో పసిబిడ్డను ఎత్తుకోవడానికి తల్లి భయపడుతుంది. నూనె రాసుకుని, మజ్జిగలో చేతులు ముంచుకుని పడుకుంటారు. తర్వాత కళ్లంలో ఆరబోత, తాలుకాయ ఏరివేత, టిక్కీలనే బస్తాలకు ఎత్తడం. కూలి కిలో లెక్కన కొన్నిచోట్ల, రోజు లెక్కన కొన్నిచోట్ల. కిలో లెక్కయితే ఆడా మగా తేడా లేదు, ఎవరు కోసింది వాళ్లది. ఊళ్లో రోజు కూలిలో మగవాడి కంటే తక్కువ తీసుకునే ఆడమనిషికి ఇది చిన్న సంగతి కాదు. కాయ బాగా పట్టిన చేనులో కష్టపడే జంట రోజుకు వెయ్యి రూపాయలు దాటించగలదు. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. జనం ఎందుకు పోతున్నారని అడిగేవాళ్లకు సగం జవాబు ఇక్కడే ఉంది.

> ఏ దిక్కున ఏ పని
>
> గుంటూరు, పల్నాడు, ప్రకాశం: మిరప కోత, పత్తి తీత. కుటుంబాలకు కుటుంబాలే పోతాయి.
>
> గద్వాల: పత్తి విత్తన క్షేత్రాలు. పువ్వు పువ్వునూ చేత్తో జత కలిపే 'క్రాసింగ్' పని. ఒకప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆడపిల్లలను బడి మాన్పించి పెట్టిన పనిగా దేశవ్యాప్త విమర్శకు గురైంది.
>
> ఖమ్మం: మిరప కోత.
>
> బెంగళూరు, హైదరాబాదు: భవన నిర్మాణం, మట్టిపని, కేబుల్ గుంతలు. వయసు కుర్రాళ్లు, కొత్తగా పెళ్లయిన జంటలు.
>
> ముంబై: కట్టుబడి కూలి. పాలమూరు లేబరు వేసిన పాత దారి.

మిరప విమానమెక్కకపోయినా ఓడ ఎక్కుతుంది

గుంటూరు మిరప యార్డు ఆసియాలోనే పెద్దదని పేరు. అక్కడి తేజ రకానికి చైనా ప్రధాన కొనుగోలుదారు. బంగ్లాదేశ్, థాయ్‌లాండ్, శ్రీలంక వంటి దేశాలకూ మన కాయ పోతుంది. 2023–24లో మన దేశం సుమారు ఆరు లక్షల టన్నుల మిరపను విదేశాలకు పంపింది. విలువ పన్నెండు వేల కోట్ల రూపాయలకు పైనే. సుగంధ ద్రవ్యాల ఎగుమతుల్లో మొదటి స్థానం దానిదే. టన్ను టన్నుకూ బిల్లు, నాణ్యత పరీక్ష, ఓడ పేరు, చేరే రేవు అన్నీ రాసి ఉంటాయి.

ఆ కాయను కొమ్మ నుంచి తెంపిన చేయి కోసిగిదో హొళగుందదో అయి ఉండవచ్చు. అంతర్జాతీయ మార్కెట్టు కోసం పనిచేసిన కూలీ ఆమె. దేశానికి డాలర్లు తెచ్చిన కూలీ. కానీ ఎగుమతి గణాంకాల్లో ఆమె లేదు, పంట పండిన జిల్లా కార్మిక శాఖ దగ్గర లేదు, సొంత మండలం రికార్డుల్లో 'ఊళ్లోనే ఉంది'. జనాభా లెక్కలు పదేళ్లకొకసారి తీసేవి, కొన్ని నెలలు పోయి తిరిగొచ్చేవాళ్లు వాటికి చిక్కరు.

లాభంలో ఆమెకు వాటా లేకపోయినా నష్టంలో మాత్రం పూర్తి వాటా ఉంది. క్వింటాలు ఇరవై వేలు దాటిన మిరప ధర 2025 మొదట్లో సగానికి పడిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఊరట రైతుకు, అదీ కొంతవరకే. ధర పడితే రైతు చివరి కోత వదిలేస్తాడు, మరుసటి ఏడాది ఎకరాలు తగ్గిస్తాడు. అప్పుడు కోసిగిలో అడ్వాన్సు పుట్టదు. చైనా వ్యాపారి కొనుగోలు తగ్గించుకుంటే ఆ దెబ్బ కౌతాళం మండలంలో ఒక పెళ్లి వాయిదా దాకా వచ్చి తగులుతుంది.

గల్ఫ్‌కు పోవాలన్నా ఒక మెట్టు ఎక్కాలి

రాయలసీమ నుంచి కువైట్‌కు పోయినవాళ్ల ఊళ్లు చూడాలంటే రాయచోటి, రాజంపేట వైపు వెళ్లాలి. అక్కడి నుంచి ఇంటి పనికి వెళ్లిన ఆడవాళ్లు, డ్రైవర్లుగా వెళ్లిన మగవాళ్లు పంపిన డబ్బుతో మిద్దెలు లేచాయి, పిల్లలు ఇంజినీరింగు చదివారు. తెలంగాణలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెలదీ అదే దారి. భారతదేశానికి ప్రవాసులు పంపే సొమ్ము 2024–25లో 135 బిలియన్ డాలర్లు దాటింది. రిజర్వు బ్యాంకు 2023–24కు చేసిన సర్వేలో ఆ సొమ్ములో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం.

మరి కరువు ఇక్కడ తక్కువేమీ కాదే, కోసిగి జనం ఎందుకు గల్ఫ్ బాట పట్టలేదు? ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల నుంచి వెళ్లినవాళ్లు లేకపోలేదు. పల్లెల నుంచి తక్కువ. పరదేశం పోవాలంటే ముందు చేతిలో కొంత ఉండాలి. పాస్‌పోర్టు, ఏజెంటు రుసుము, వైద్య పరీక్ష, విమానం టికెట్టు. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ ఇప్పటికే ఉన్న మేనమామో పెదనాన్న కొడుకో. రాష్ట్రంలోనే అక్షరాస్యత అట్టడుగున ఉన్న మండలాల్లో కోసిగి ఒకటి. దరఖాస్తు నింపడానికే ఇంకొకరి సాయం కావలసిన ఇంట్లో కువైట్ కల కనడం కూడా కష్టం. ప్రపంచమంతటా ఇదే తీరు. కటిక పేదవాడు దేశం దాటలేడు, పక్క జిల్లా దాకా పోగలడు. వెనకటి రోజుల్లోనూ కోరంగి, విశాఖ రేవుల దగ్గరివాళ్లకు రంగూను, మారిషస్ దారులు తెరుచుకున్నాయి. రాయలసీమ మెట్టవాడికి దొరికింది కాలిదారే.

గల్ఫ్ బతుకు పూలపాన్పని ఎవరూ అనరు. అప్పు చేసి పోయి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టి, జీతం రాక, విజిట్ వీసా మీద మోసపోయి తిరిగొచ్చినవాళ్ల గోడు మనకు తెలుసు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుంటున్న భవనం కాలి నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కానీ అప్పుడు కేంద్ర మంత్రి కువైట్ వెళ్లారు, వాయుసేన విమానం మృతదేహాలను తెచ్చింది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం ఐదు లక్షల రూపాయలు ఇస్తోంది. 2020 సెప్టెంబరులో గల్ఫ్ ఉద్యోగాలకు కనీస వేతన సిఫారసును కేంద్రం తగ్గిస్తే తెలంగాణ కార్మిక సంఘాల వాళ్లు హైకోర్టు దాకా వెళ్లారు. 2021 జులైలో ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి. దశాబ్దాల పోరాటంతో గల్ఫ్ కార్మికుడు ప్రభుత్వం కంటికి కనిపించే మనిషయ్యాడు.

సుగ్గి కూలీలను తీసుకుపోయే బండి ఎక్కడో మలుపులో బోల్తా పడితే వార్త జిల్లా పేజీలో వస్తుంది. యజమాని ఎవరు, ఎవరి మనుషులు, బీమా ఎవరిది అన్న ప్రశ్నకు మూడు పోలీసు స్టేషన్లు మూడు జవాబులు చెబుతాయి.

> పాస్‌పోర్టు ఉన్నవాడికి, లేనివాడికి
>
> పదో తరగతి పాస్ కాని కార్మికుడు గల్ఫ్ వంటి దేశాలకు వెళ్లాలంటే 1983 నాటి వలసల చట్టం కింద ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అందుకే అతని పేరు, వెళ్లే దేశం, యజమాని వివరాలు నమోదవుతాయి.
>
> అతనికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుముకు 30,000 రూపాయల పరిమితి ఉంది.
>
> రాష్ట్రం దాటి పనికి వెళ్లేవాడి కోసం 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు ద్వారా ఐదుగురో అంతకంటే ఎక్కువమందో వెళ్తేనే వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు దాని స్థానాన్ని తీసుకున్నాయి.
>
> కోసిగి నుంచి గుంటూరు వెళ్లేవాడు రాష్ట్రం దాటడు. అంతర్రాష్ట్ర కార్మికుడనే మాట అతనికి ఏ రోజూ వర్తించలేదు. గద్వాల వెళ్లేవాడు 2014 జూన్ 2కు ముందు సొంత రాష్ట్రంలో ఉన్నవాడే, ఆ రోజు నుంచి పరరాష్ట్రపు కూలీ అయ్యాడు. చేసే పని మారలేదు.

తెచ్చిన డబ్బు ఏమవుతుంది

సుగ్గిలో దుఃఖం తప్ప ఏమీ లేదని రాయడం ఆ జనాన్ని అవమానించడమే. ఉగాదికి తిరిగొచ్చిన ఇళ్లలో కొత్త బట్టలుంటాయి, వడ్డీ వ్యాపారికి మొహం చాటేయాల్సిన పని ఉండదు. తొలకరికి విత్తనాలు, ఎరువులు రొక్కంతో కొంటారు. నాలుగేళ్లు వరసగా పోయి రేకుల ఇంటి మీద స్లాబు పోసుకున్నవాళ్లున్నారు. బిడ్డ పెళ్లికి తులం బంగారం కొన్నవాళ్లున్నారు. కోత పనిలో చేయి తిరిగిన ఆడవాళ్లకు రేటు అడిగే ధైర్యం వచ్చింది. జనం బయటికి పోతున్నారు కాబట్టే ఊళ్లో మిగిలిన కూలీలకు రైతులు మునుపటి కంటే ఎక్కువ ఇవ్వాల్సి వస్తోంది. ఆదోని చుట్టుపక్కల పత్తి రైతు దీని గురించి కోపంగానే మాట్లాడతాడు. అతని బాధా నిజమే. ఆలస్యంగా పగిలిన పత్తి తీయడానికి మనిషి దొరకడు. కానీ దశాబ్దాలు కదలని కూలిని కదిలించింది ఈ వలసే అన్నదీ అంతే నిజం.

అయితే గల్ఫ్ సొమ్ముకూ సుగ్గి సొమ్ముకూ ఒక తేడా ఉంది. నెలనెలా బ్యాంకు ద్వారా వచ్చే సొమ్ముకు ఒక చరిత్ర ఏర్పడుతుంది. దాన్ని చూపి ఇంటి రుణం అడగవచ్చు. రాయచోటి వీధిలో దుకాణం పెట్టుకోవచ్చు. సుగ్గి సొమ్ము సీజను చివర చేతికి ముద్దగా వస్తుంది, అడ్వాన్సు పోను. ఊరు చేరిన పదిహేను రోజుల్లో పాత బాకీలకు సర్దుకుపోతుంది. ఆషాఢం నాటికి మళ్లీ మేస్త్రీ గడప. ఆ డబ్బు ఇంటిని మునగకుండా కాపాడుతోంది కానీ గట్టున పడేయడం లేదు. ఆస్తిగా మారని సంపాదన ఎంత చెమటోడ్చినా వచ్చే ఏడాది లారీని ఆపలేదు.

నవంబరులో ఖాళీ అయ్యే తరగతి గది

ఈ ప్రాంతపు బడుల్లో హాజరు పట్టీ చూస్తే వలస ఎప్పుడు మొదలైందో చెప్పవచ్చు. జులైలో నిండుగా ఉన్న తరగతి నవంబరు చివరికి సగమవుతుంది. పిల్లలు మార్చిలోనో ఏప్రిల్‌లోనో తిరిగొస్తారు, అప్పటికి పరీక్షలు. రెండు, మూడేళ్లు ఇలా గడిస్తే ఆ పిల్లవాడు పేరుకే ఆరో తరగతి. ఏడో తరగతి తర్వాత అమ్మాయి బడికి రావడం మానేస్తే ఉపాధ్యాయులకు కారణం చెప్పనక్కరలేదు. పొలంలో చంటిబిడ్డను చూసుకోవడానికి ఒక చేయి కావాలి, లేదా ఈడొచ్చిన పిల్లను ముసలమ్మ దగ్గర వదలడానికి భయం. ఆ భయమే తొందర పెళ్లిళ్లకూ దారితీస్తోంది.

వలస వెళ్లే తల్లిదండ్రుల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. బడిలోనే రాత్రి పడక, మూడు పూటలా తిండి, ఒక ఆయా. ఆలోచన చాలా మంచిది. బాగా నడిచిన చోట పిల్లలు నిజంగా ఆగారు. చిక్కల్లా వేళలోనే. హాస్టలు తెరవడానికి అనుమతి, నిధులు వచ్చే సరికి డిసెంబరు దాటితే లారీ వెళ్లి నెలవుతుంది. తల్లికి నమ్మకం కలగాలంటే బండెక్కే ముందు రోజు ఆ గది తెరిచి ఉండాలి, పొయ్యి వెలిగి ఉండాలి.

తల్లుల ఖాతాలో వేసే చదువు సాయానికి అమ్మఒడి నాటి నుంచి 75 శాతం హాజరు నిబంధన ఉంది. బడి మాన్పించకూడదన్న ఉద్దేశం సరైనదే. కానీ నాలుగు నెలలు ఊళ్లో లేని ఇంటికి ఆ సాయం దక్కదు, అత్యవసరమైనదీ ఆ ఇంటికే. రేషను సంగతి కొంత మెరుగు. ఒకే దేశం ఒకే కార్డు పద్ధతిని 2019 ఆగస్టులో మొదట ప్రయోగించిన జంటల్లో ఆంధ్ర–తెలంగాణ ఒకటి. వేలిముద్ర వేసి ఎక్కడైనా బియ్యం తీసుకోవచ్చు. చేలో గుడిసె నుంచి డీలరు దుకాణం ఐదారు కిలోమీటర్లుండి, రోజు కూలి పోగొట్టుకుని వెళ్లాల్సి వస్తే ఆ హక్కు సగమే ఉపయోగం. అందుకే ఇప్పటికీ మూటల్లో జొన్నలు ముందు ఎక్కుతాయి.

2020 చూపించింది

లాక్‌డౌన్ వచ్చింది మార్చి చివరి వారంలో, సరిగ్గా మిరప కోతలు ముగింపుకొచ్చే వేళ. గుంటూరు, ప్రకాశం చేలల్లో కర్నూలు కూలీలు చిక్కుకుపోయారు. కోత అయిపోయింది, కూలి చేతికి రాలేదు, బండి లేదు. ముంబైలో ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. మే నెలలో శ్రామిక్ రైలు ముంబై నుంచి గుంతకల్లు చేరింది. అప్పుడు అధికారులు పేర్లు రాసుకున్నారు, ఊరు, ఫోను నంబరు, వెళ్లిన చోటు అడిగి రాసుకున్నారు. క్వారంటైన్ కోసం రాసిన ఆ పట్టికలు ఈ ప్రాంతపు వలసకు దొరికిన అరుదైన జాబితాలు. వ్యాధి భయంతో వారంలో చేయగలిగిన పనిని మామూలు రోజుల్లో ఎందుకు చేయలేకపోతున్నామో పాలకులు చెప్పాలి. 2021 ఆగస్టులో వచ్చిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో అసంఘటిత కార్మికుల పేర్లు కోట్లలో నమోదయ్యాయి. అందులో మనిషి ఉన్నాడు, అతను ఈ జనవరిలో ఏ చేలో ఉన్నాడన్నది లేదు.

నీళ్లు, పని దినాలు, ఒక పుస్తకం

వలసను ఆపాలి అన్న మాట ఎన్నికల సభల్లో తరచూ వినిపిస్తుంది. నన్నడిగితే ఆపాల్సింది వలసను కాదు, గత్యంతరం లేక పోవాల్సి రావడాన్ని. రాజోలిబండ కుడి కాలువ పూర్తయి, దిగువ కాలువలో వాటా చివరి తూము దాకా చేరితే రెండో పంట వచ్చిన ఊళ్లో సగం ఇళ్లు ఆగుతాయి. మిగతా సగం ఎక్కువ కూలి కోసం వెళ్తాయి. అలా వెళ్లేవాడు రేటు అడిగి వెళ్తాడు.

ఉపాధి హామీ చట్టం కింద తొలి పని 2006 ఫిబ్రవరి 2న మన రాయలసీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. కరువు మండలాలకు వంద రోజులను నూట యాభై చేసిన ఏళ్లూ ఉన్నాయి. కానీ ఇక్కడ పనులు జోరందుకునేది ఏప్రిల్, మే నెలల్లో. అప్పటికి సుగ్గి జనం తిరిగొచ్చేస్తుంటారు. పని కావలసింది నవంబరు నుంచి మార్చి దాకా, కూలి కావలసింది ఏ వారానికి ఆ వారం. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త ఉపాధి చట్టం 125 రోజులంటోంది. వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉన్నప్పుడు అరవై రోజుల విరామమూ అంటోంది. ఆ విరామం ఎప్పుడన్నది రాష్ట్రం నిర్ణయించేటప్పుడు కృష్ణా డెల్టా పంటల క్యాలెండరును కోసిగికి అంటగట్టకుండా చూడాల్సిన బాధ్యత ఇక్కడి ఎమ్మెల్యేలది, కలెక్టరుది.

ఇంతకంటే ముందు, వచ్చే దసరాకే చేయగలిగింది ఒకటుంది. దేవరగట్టు బన్ని ఉత్సవం ముగిసి జనం ప్రయాణాలకు సిద్ధమయ్యే ఆ రెండు వారాల్లో ప్రతి గ్రామ సచివాలయంలో ఒక నమోదు పుస్తకం తెరవాలి. ఎవరు, ఎంతమంది, ఏ మండలానికి, ఏ మేస్త్రీ వెంట, ఎంత అడ్వాన్సుకు, ఎంత రేటుకు, పిల్లలు వెంట వెళ్తున్నారా ఆగుతున్నారా. మేస్త్రీ కూడా అందులో సంతకం చేయాలి. ఆ పేర్ల మీద గల్ఫ్ కార్మికుడికి ఉన్నట్టే ఒక సీజను బీమా కట్టాలి. రెండేళ్లకు 275 రూపాయలతో పది లక్షల రక్షణ సాధ్యమైనప్పుడు ఆరు నెలలకు ఎంతవుతుందో లెక్కకట్టడం ఆర్థిక శాఖకు కష్టమేమీ కాదు. ఎగుమతయ్యే మిరప మీద మార్కెట్ యార్డు వసూలు చేసే రుసుములో కొంత దీనికి మళ్లించవచ్చు. జాబితా నకలు పంట పండే మండలపు తహసీల్దారుకు, ఆరోగ్య కేంద్రానికి, రేషను డీలరుకు వెళ్లాలి. ఆగిన పిల్లల సంఖ్యను బట్టి హాస్టళ్లు దీపావళికి ముందే తెరవాలి, డిసెంబరు మంజూరు కోసం చూడకూడదు. వెంట వెళ్లిన పిల్లల పేర్లు అక్కడి బడికి చేరాలి. హాజరు ఏ బడిలో పడినా 75 శాతంలో కలపాలి.

సచివాలయంలో కంప్యూటరు ఉంది, సిబ్బంది ఉన్నారు, ప్రతి ఇంటి వివరమూ ఉంది. కొత్తగా కావలసింది మండలానికి ఒక ఉత్తర్వు, దాన్ని దీపావళి లోపు అమలు చేసే అధికారి.